మేడమీది కిటికీ

“బూట్లు అక్కడే విప్పి పైకి రా నాయనా, మెట్లమీద తివాచీ కొత్తది,” అంది డీలియా.

ఫింటన్ గుమ్మంలోనే బురద బూట్లు విప్పాడు. ఎడమ మేజోడు బొటనవేలి దగ్గర చిరిగి ఉంది. ఆవిడ చూడకుండా దాన్ని రెండో కాలితో కప్పుకోబోయి మెట్టుమీద తూలాడు.

మైదానం గోడను ఆనుకుని ఉన్న ఇల్లు అదొక్కటే. మేడమీది కిటికీలోంచి అటు గోలూ ఇటు గోలూ కనిపిస్తాయి. కౌంటీ ఫుట్‌బాల్ కమిటీ ఫింటన్‌ను మైదానంలో అడుగు పెట్టవద్దని నిషేధించింది. అతను మేనేజరుగా ఉన్న జట్టుకేమో ఇవాళే సెమీఫైనల్. ఓడితే ఇంకో మేనేజర్ని చూసుకుంటామని క్లబ్బువాళ్ళు మొహంమీదే చెప్పారు. వేరే దారిలేక ఎప్పుడూ చూడని ఊళ్ళో, ఎవరో తెలియని ముసలావిడ తలుపు తట్టి, కాసేపు కిటికీ ఇమ్మని అడిగాడు. పేరు చెప్పగానే ఆవిడ అతని మొహంలోకి ఒక్క క్షణం చూసి, పక్కకు తప్పుకుని దారి ఇచ్చింది.

టీ, వెన్న రాసిన సోడా రొట్టె తెచ్చిపెట్టి తనూ కిటికీ దగ్గర కుర్చీ వేసుకుంది. నువ్వు ఒకప్పుడు కౌంటీకి ఆడినవాడివే కదా అని అడిగింది.

ఆడాడు. జట్టుకు పదిహేనుమంది ఆడే గేలిక్ ఫుట్‌బాల్‌లో కౌంటీ తరఫున చాలా ఏళ్ళు గోలు ముందు గోడలా నిలబడ్డాడు. ఎంత ఎత్తున వచ్చిన బంతినైనా గాల్లోనే పట్టేసేవాడు. అయినా జనం చెప్పుకునేది ఆ చేతుల గురించి కాదు, నోటి గురించి. ఆడిన ఒకే ఒక్క ఫైనల్లో రెఫరీని తిట్టి బయటికి నడిచాడు. మిగిలిన పద్నాలుగుమందీ ఓడిపోయి ఏడుస్తూ వచ్చారు. మేనేజరయ్యాక రెండు క్లబ్బులు అతన్ని సాగనంపింది కూడా ఆ నోటివల్లే.

ఆట మొదలైంది. గీత పక్కన నిలబడ్డ తన సహాయకుడు మార్టీకి ఫింటన్ దొంగచాటుగా ఫోన్ చేశాడు. “ఆ ఓరన్‌గాణ్ణి విరామంలో తీసెయ్. వాడికి కాళ్ళున్నాయి, బుర్ర లేదు.”

ఫోన్ పెట్టగానే డీలియా అంది. “మావాడూ అక్కడే ఉన్నాడు.”

“ఎవరమ్మా?”

“అందరికంటే ఎక్కువ పరుగెత్తేది వాడే. ఒక్కరూ వాడికి బంతి ఇవ్వరు.”

ఫింటన్ కొరికిన రొట్టె పక్కన పెట్టేశాడు. ఓరన్ బడిపంతులు. పోయినేడాదే వచ్చి జట్టులో చేరాడు, సొంతూరు ఇటువైపే ఎక్కడో అన్నారు. మైదానమంతా తిరుగుతూనే ఉంటాడు. బయటివాడని ఎవరూ బంతి అందించరు. అలాంటి కొడుకును తల్లి పక్కనే కూర్చుని, ఆవిడ రొట్టె తింటూ, బుర్రలేనివాడన్నాడు.

“తిట్లు కూడా వాడికే ఎక్కువ,” అంది డీలియా మామూలుగా. “మొదట్లో నేనూ గ్రౌండుకు వెళ్ళేదాన్ని. అవన్నీ వినలేక మానేశాను. కిటికీ వేసుకుంటే ఏమీ వినిపించవు.”

ఫింటన్ మళ్ళీ ఫోన్ తీసి ఓరన్‌ను ఉంచమన్నాడు. నీ తలకేమైనా దెబ్బ తగిలిందా అని మార్టీ అడిగాడు. ఉంచమన్నానుగా అని పెట్టేశాడు.

విరామంలో ఆవిడ టీ మళ్ళీ పోసింది.

“ఏం చేశావని నిన్ను లోపలికి రానివ్వడంలేదు?”

“రెఫరీని ఒక మాటన్నాను. అదుగో, ఇవాళా అతన్నే వేశారు.”

“ఏం మాట?”

“మీ ముందు అనగలిగే మాట కాదమ్మా.”

“ఊరందరి ముందూ అన్నావుగా.”

ఫింటన్ తల వంచుకున్నాడు. చిరుగులోంచి బొటనవేలు బయటికి వచ్చి ఉంది. ఈసారి కప్పుకోలేదు. “వాళ్ళమ్మ గురించి అన్నాను.”

“ఆవిణ్ణి నువ్వెరుగుదువా?”

“లేదు.”

“మరి ఆవిడ అలాంటిదని నీకెవరు చెప్పారు?”

ఫింటన్ కప్పు కింద పెట్టాడు. తర్వాత, ఎవరికీ చెప్పనిది ఆవిడకు చెప్పాడు. ఆ మాట చెవిన పడ్డప్పటినుంచీ తన తల్లి చర్చిలో తన పక్కన కూర్చోవడం మానేసింది.

“ఆ రెఫరీ ఇంటికెళ్ళి తప్పయిందని చెప్పలేకపోయావా?”

“ఏ మొహం పెట్టుకుని వెళ్ళనమ్మా? తలుపు వాళ్ళమ్మే తీస్తే?”

డీలియా కప్పు అతనివైపు జరిపింది. “చల్లారిపోతోంది, తాగు.”

ఆట చివరికొచ్చేసరికి రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. గుంపులోంచి బంతి జారి పక్కకు దొర్లింది. అక్కడ ఓరన్ ఒక్కడే ఉన్నాడు. సొంత జట్టే పట్టించుకోనివాణ్ణి అవతలివాళ్ళూ వదిలేశారు. తీసి కొట్టాడు. బంతి అడ్డకర్ర మీదుగా వెళ్ళింది. పాయింటు వచ్చినట్టు తెల్లజెండా లేచింది. వెంటనే ఆఖరి విజిలు మోగింది.

ఫింటన్ ఆవిడ రెండు చేతులూ పట్టుకున్నాడు. “మీవాడు నా పరువు నిలబెట్టాడమ్మా. వాణ్ణి అన్న మాటకు నన్ను క్షమించండి.”

డీలియా మెల్లగా చేతులు విడిపించుకుని, అలమరలోంచి ఇంకో కప్పు తీసింది. “అప్పుడే బూట్లు వేసుకోకు. వాడు నేరుగా ఇక్కడికే వస్తాడు. కలిసి టీ తాగుదురుగాని.”

“తప్పకుండా. ఓరన్‌కు నేనే పోసిస్తాను.”

“ఓరనా? ఆ అబ్బాయెవరో నాకు తెలీదు నాయనా,” అంది కప్పు తుడుస్తూ.

“విజిలు ఊదింది మా అబ్బాయి.”