ఫ్లెక్సీలో చోటు

"నా మొగం యాడప్పా?"

ఢిల్లీబాబు కంప్యూటర్ తెర మీదికి వంగి అడిగాడు దామోదరం. అడిగాక సిగ్గేసింది. కానీ ఊరుకుంటే పరువు దక్కదు. తెల్లారితే ఈస్టర్. చర్చి వాకిట్లో కట్టబోయే ఫ్లెక్సీ ఇది. పాస్టరుగారున్నారు, ఆయన భార్య అమ్మగారున్నారు, సంఘపెద్దలంతా గుండ్రటి చట్రాల్లో చేతులు జోడించి నవ్వుతున్నారు. వాళ్లలో ఒకడైన దామోదరం మాత్రం లేడు.

"గంగాధరం సారు ఇచ్చినవన్నీ పెట్టినా. మీది ఇయ్యలేదే," అన్నాడు ఢిల్లీబాబు. నగరిలో జాతరకైనా, ఎలక్షన్‌కైనా, పెళ్లికైనా ఫ్లెక్సీ కొట్టేది ఇతనే.

తోటి సంఘపెద్ద పేరు వినగానే దామోదరానికి ఒళ్లు మండింది.

"వాడెందుకిస్తాడులే. ఇదిగో, ఫోన్లో పంపిస్తా ఉండా. పెట్టు."

"చోటు లేదబ్బా."

"ఎట్లన్నా చెయ్యాల. రేపు మా అత్త వస్తా ఉండాది. చర్చి గడప తొక్కేది ఇదే మొదలు. అత్తగారింట్లో నన్నేమో చర్చికాడ చెప్పులకు కావలుండేవాడనుకుంటా ఉండారు. ఆమె ముందర నా తల దించబాకప్పా."

మగ్గాల షెడ్డులో నలుగురికి పని చెప్పే మనిషి, ఒక ఫోటో కోసం ఇంతగా బతిమాలుతున్నాడు. ఆ సంగతి తనకూ తెలుసు. అయినా కుర్చీలోంచి లేవలేదు.

ఢిల్లీబాబు మౌస్‌తో బాణాన్ని తెర మధ్యకు జరిపాడు. "మబ్బుల్లో చేతులు చాపినాయనే సగం చోటు తినేసినాడు. ఈయన్ని కొంచెం చిన్నగా చేసేదా?"

దామోదరం కుర్చీలో వెనక్కి జరిగాడు. పోయిన ఆదివారమే కదా, అందరికన్నా పైన ఆయనొక్కడే అని గొంతు పోయేదాకా ప్రార్థన చేశాడు. ఢిల్లీబాబు మొహంలోకి చూడలేక గోడకు ఆనించిన జాతర ఫ్లెక్సీ వైపు తిరిగాడు.

"మీ సామి గదా, అందుకే అడిగినా. ఆ పాపం నాకెందుకు?"

"ఆయనేమీ అనుకోడులే. చెయ్," అన్నాడు దామోదరం, పక్కవాళ్లకు వినపడనంత మెల్లగా.

సాయంత్రం ఢిల్లీబాబే ఫోన్ చేశాడు.

"గంగాధరం సారొచ్చి, మీ పక్కన తన మొగం చిన్నదైందని పెద్దది చేయించుకున్నాడు. అమ్మగారేమో వాళ్ల అల్లుడి ఫోటో పంపించినారు. మధ్యలో బో ఇరుకైపోయిందబ్బా."

"నాది చిన్నగా చెయ్యలేదు గదా?"

"లేదులే."

"అయితే ఎట్లోకట్ల సర్దెయ్."

ఏది సర్దుతావని మాత్రం అడగలేదు. అడగడానికి మొహం చెల్లలేదు.

పొద్దున్నే వాకిట్లో ఫ్లెక్సీ లేచింది. జనం వంతులేసుకుని దాని ముందు సెల్ఫీలు దిగుతున్నారు. దామోదరం వెళ్లగానే వెతుక్కున్నది తన బొమ్మనే. చాటంత ఉంది. గంగాధరం దానికంటే పెద్దగా ఉన్నాడేమోనని పక్కకు జరిగి కూడా చూసుకున్నాడు. ఇద్దరూ సమానమే. నిన్నటి సిగ్గంతా ఎటో పోయింది.

ఆటో దిగింది అత్త కుప్పమ్మ. కూతురు చెప్పినట్టు తలనిండా కొంగు కప్పుకుంది. చేతిలో మల్లెదండ.

"ఇదెందుకత్తా?"

"సామి కాడికి ఒట్టి చేతుల్తో యెట్ల వచ్చేది నాయనా? నేనే కట్టినా."

దామోదరం ఆమెను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి సరిగ్గా ఫ్లెక్సీ ముందు నిలబెట్టాడు. అత్త ఏమంటుందోనని పాస్టరుగారూ పెద్దలూ నవ్వుతూ చుట్టూ చేరారు. గంగాధరం కూడా వచ్చాడు, అది మరీ మంచిదయింది.

కుప్పమ్మ ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వచ్చింది. అల్లుడి బొమ్మ దగ్గర ఆగింది, నవ్వింది, దాటిపోయింది. దామోదరానికి మనసు చివుక్కుమంది. ఆమె చివరిదాకా పోయి, మళ్లీ మొదటికొచ్చి, ఈసారి ఇంకా దగ్గరగా వెళ్లి చూసింది. దండ ఇంకా చేతిలోనే ఉంది.

"నిన్నయితే ఎరుగుదును గానీ నాయనా," అంది చివరికి, "మీరు చెప్తారే, సచ్చి మళ్లీ లేసినాడని, ఆయన ఈళ్లల్లో యెవురు?"