కొట్టేయించిన రెండేళ్లు

అమ్మడూ,

“నా మంచికే చెప్పావు అమ్మమ్మా” అన్నావు నిన్న ఫోన్లో. కాదు, నీ మంచికి చెప్పలేదు.

వృద్ధాశ్రమంలో ఉద్యోగానికి నింపిన ఫారం నాకు చదివి వినిపించావు. నీ బరువు, మీ ఆయన జీతం, పిల్లల్ని ఎప్పుడు కంటావో, అడగనివన్నీ రాశావు. అవి కొట్టేయమనడంలో తప్పులేదు. ఆ ఊపులోనే ఇంకో వాక్యమూ కొట్టేయించాను: “మంచం పట్టిన మా అత్తగారికి రెండేళ్లు అన్నీ నేనే చేశాను.”

“అదైనా ఉంచనా?” అన్నావు.

“మీ ఇంటి సంగతులు వాళ్లకెందుకే?” అన్నాను.

ముసలివాళ్లను చూసుకునే ఉద్యోగం ఇప్పించగలిగేది ఆ ఒక్క వాక్యమేనని నాకు తెలుసు. తెలిసే కొట్టేయించాను. నా తుంటి విరిగినప్పుడు నువ్వు నా దగ్గరున్నది నాలుగు రోజులు. మీ అత్తగారికి రోజూ తల కూడా దువ్వావట. ఆ మాట విన్నప్పటినుంచీ ఆవిడ జుట్టు చూస్తేనే నాకు ఒళ్లు మంట.

ఇది ఫోన్లో చెప్పడానికి నోరు రాక కార్డు రాస్తున్నాను. ఇప్పుడు లేచి తిరుగుతోందిగా మీ అత్తగారు, ఆవిడ చదివితే చదవనీ.

ఫారం ఇంకా ఇవ్వలేదన్నావుగా. కార్డు అందగానే వాళ్ల ఆఫీసుకెళ్లి ఇంకో ఖాళీ ఫారం అడిగి తీసుకో. ‘అనుభవం’ అన్నచోట ఆ రెండేళ్లూ రాసి, నీ చేత్తోనే ఇచ్చిరా.