నాలుగో గడియారం

ఒకే సీటును ఇద్దరికి అమ్మిన కంప్యూటర్ ఏదో పట్టుకోవాలి. ఆ సీటు కోసం బస్సులో జుట్లు పట్టుకున్న ఇద్దరికీ క్షమాపణ చెప్పాలి. యజమానురాలు వచ్చేలోపు బల్లల మీది కప్పులు కడగాలి. ఖర్చు తగ్గించడానికి ముగ్గురు ఉద్యోగుల్లో ఒకరిని ఇంటికి పంపాలి. బస్సు టికెట్లమ్మే ఆ ఆఫీసులో ఆ పూట పనులివి.

కప్పులు కడగడం ఒక్కటే అయింది. ఆవిడ వచ్చేసింది.

మేనేజరు ఆవిడకు స్వయానా అల్లుడు. తప్పంతా కంప్యూటర్ల గడియారాలు చూసే అమ్మాయిదేనని, ఆమెను పంపేస్తే పీడ విరగడవుతుందని వినయంగా చెప్పాడు. అమ్మాయి జీతం మీదే ఆమె ఇల్లు నడుస్తోంది. మిగతా ఇద్దరూ, గడ్డం బాబాయీ, కళ్లజోడూ, గండం తమది కానందుకు హాయిగా గోడకేసి చూశారు.

"పంపే ముందు జబ్బేమిటో చూపించనివ్వండి మేడమ్," అంది అమ్మాయి.

టికెట్లమ్మే కంప్యూటర్లు నాలుగు. ముందు అడిగినవాళ్లకే సీటు కాబట్టి, నాలుగింటి గడియారాలూ ఒక్కటిగా నడవాలి. నాలుగోదానికి మాత్రం తిక్క పుట్టింది. మొదటిదానికి ఒక టైము, రెండోదానికి ఇంకో టైము, మూడోదానికి వేరే టైము చెబుతోంది. పిచ్చి మాలోకాలు, మూడూ నమ్మి తమ టైము మార్చుకుంటున్నాయి; ముందెవరు అడిగారో తేలక ఒకే సీటు ఇద్దరికి పోతోంది.

"గడపకో మాట చెప్పే చుట్టంలాగా," అంది యజమానురాలు.

"అలాంటిది ఒకటున్నా ఫర్వాలేదండీ. 'నాకిలా చెప్పింది, నీకేం చెప్పింది' అని మిగతా మూడూ మాట్లాడుకుంటే దాని ఆటలు సాగవు. మాట్లాడుకుంటే పని నెమ్మదిస్తుందని సారు ఆపించారు."

అమ్మాయి ఆ ఏర్పాటును మళ్లీ మొదలుపెట్టింది. మూడు గడియారాలూ ఒక్క మాట మీదికొచ్చాయి. నాలుగోది తన పాట తను పాడుకుంటోంది.

యజమానురాలు కాసేపు తెరను, కాసేపు అల్లుణ్ణి చూసింది. తరువాత ముగ్గురినీ దగ్గరికి పిలిచి, మేనేజరు ఎవరికేం చెప్పాడో ఒకరి ఎదుట ఒకరు చెప్పమంది. పోయేది కళ్లజోడేనని బాబాయికి చెప్పాడట. పోయేది బాబాయేనని కళ్లజోడుకు చెప్పాడట. అమ్మాయికైతే ఆ ఇద్దరూ పోతారని నిన్న కూడా మాటిచ్చాడట. ఆ గుట్టు ఎక్కడ బయటపడుతుందోనని వాళ్లు నెల నుంచీ ఒకరితో ఒకరు మాట్లాడుకోవడమే మానేశారు.

అల్లుడు లేచి, కడిగిన కప్పునే మళ్లీ కడగబోయాడు.

"కూర్చో బాబూ," అంది అత్తగారు. అమ్మాయి వైపు తిరిగింది. "ఆ మంచి మూడింట్లో ఒకటి తీసేస్తే?"

"మంచివి రెండే మిగులుతాయండీ. నువ్వు అబద్ధమంటే నువ్వు అబద్ధమని కొట్టుకుంటాయి. దొంగ ఎవరో తేలదు."

ఆవిడ పెద్దగా నిట్టూర్చింది.

"ఆ నాలుగోదాన్ని మార్చేయండి. ఇతన్ని మాత్రం నేను మార్చలేను, నా కూతురికి మొగుడు. కాబట్టి మీ ముగ్గురిలో ఒక్కరు కూడా ఇక్కణ్ణించి కదలడానికి వీల్లేదు."

ఎప్పుడైనా బస్సెక్కితే మీ సీటు మీకే దొరికిందనుకోండి, మూడు ఉద్యోగాలు నిలబెట్టిన ఆ అబద్ధాల అల్లుణ్ణి దయచేసి ఒక్కసారి తలుచుకోండి.