గడప బొట్టు

పురస్కార పతకం ముద్ర లేని పత్రికను ఏ ఇంటి తలుపూ లోపలికి రానివ్వని రోజులవి. చేతిలో ‘రేవు కబురు’ పత్రికతో వచ్చిన వరాలమ్మను తలుపు తెరుచుకోకుండా బయటే నిలబెట్టింది.

“అది పారేసి రా అమ్మమ్మా. దానికి ఒక్క పతకమన్నా లేదు,” అంది లోపలి నుంచి మనవరాలు హరిణి.

“పతకాల పేపర్లు మన ఊళ్ళో ఎవరు పోయారో వెయ్యవే. ఆస్పత్రిలో చిట్టెమ్మ ఎట్టా ఉందో నాకెవరు చెప్తారు?”

శుక్రవారం కావడంతో గడప మీది కుంకుమ ఇంకా తడిగానే ఉంది. వరాలమ్మ వేలితో కాస్త తీసి, పత్రిక పేరు పక్కన గుండ్రంగా బొట్టు పెట్టింది. అది పతకమనుకుని తలుపు మర్యాదగా తెరుచుకుంది.

“నీ అవార్డుకో దణ్ణం,” అంది హరిణి.

వరాలమ్మ కళ్ళజోడు పెట్టుకుని, కూడబలుక్కుంటూ మరణవార్తల మీద వేలు నడిపింది. చిన్ననాటి నేస్తం చిట్టెమ్మ పేరు అందులో లేదు.

“ఈ పూటకి ఉందిలే. కాఫీ ఇయ్యవే,” అంది.