తోడుకణాలు

మా వంటింటి అద్దంలో పొద్దున్నే ఇంట్లో అందరి మెదళ్లూ కనిపిస్తాయి. మా అత్తయ్య ప్రవల్లిక అవి చూశాకే కాఫీ తాగుతారు.

పోయిన నెల మా ఆయన వంశీధర్ పళ్లు తోముకుంటూ పక్షవాతంతో పడిపోయారు. అంబులెన్సు వచ్చేలోగా అద్దంలో ఆయన మెదడు చూశాం. నరాలను కాపాడే తోడుకణాలు పచ్చగా మెరుస్తూ, నిమిషనిమిషానికీ లావవుతున్నాయి.

"ఆయన చెవి వెనక అమర్చిన మందుబిళ్లలోంచి వాటిని తగ్గించే మందు వదలమంటారా?" అని అద్దం అడిగింది.

"వద్దని చెప్పు! కాపాడేవాటిని ఎవరైనా తగ్గించుకుంటారటే? ఎలా బలిశాయో చూడు," అన్నారు అత్తయ్య.

నేను వద్దన్నాను.

"అది బలుపు కాదమ్మా, వాపు," అన్నాడు డాక్టరు ఆ తర్వాత. నీళ్లు తాగి ఉబ్బిన ఆ కణాలే పక్కనున్న నరాలను నలిపేశాయట. ఆయనకు కుడిచెయ్యీ మాటా పడిపోయాయి.

ఇవాళ నేను ఆయనకు ఇడ్లీ తినిపిస్తుంటే, అత్తయ్య ఆ చేతిని ఒళ్లోకి తీసుకున్నారు.

"కండ పట్టిందే! చూశావా?"

వేలితో నొక్కి చూశాను. పడిన సొట్ట అలాగే ఉండిపోయింది.

"అవునత్తయ్యా," అని ఇంకో ముక్క తుంచాను.