వాగుకి ఇవతల

స్నానాలగది తూము బుడబుడమని, నల్లటి నీళ్లు నేలమీదికి ఎగదన్నాయి. గ్లెనిస్ ఇంట్లో ఉన్న పాత తువ్వాళ్లన్నీ తెచ్చి గుమ్మానికి అడ్డం వేసింది. చూస్తుండగానే అవి నానిపోయాయి.

"అమ్మా, ఇంకాసేపట్లో నీళ్లు హాల్లోకి వచ్చేస్తాయే," అంది టెగన్ పడకగది గుమ్మంలోంచి. కాన్పు ఆపరేషన్ కుట్లు ఇంకా పచ్చిగానే ఉన్నాయి. పసిబిడ్డతో పుట్టింటికి వచ్చి వారం కాలేదు.

"నువ్విటు రాకు. కుళాయి తిప్పకు, ఫ్లష్ నొక్కకు. తలుపేసుకుని బిడ్డ దగ్గర కూర్చో."

ప్లంబర్‌కి ఫోన్ చేస్తే, వాగు మీది వంతెన మునిగిపోయింది, తెల్లారేదాకా టౌను నుంచి రాలేనన్నాడు. "సెప్టిక్ ట్యాంకు మూత తీసి చూడండి. ఇంటినుంచి వచ్చే గొట్టం మూతి దగ్గర ఏదో అడ్డుపడి ఉంటుంది," అన్నాడు.

మూత పెరట్లో గడ్డి కింద ఎక్కడో పూడిపోయి ఉంది. ఎక్కడో గ్లెనిస్‌కి తెలియదు. ఆ పనులన్నీ రస్సెల్ చూసుకునేవాడు. ఆమెను వదిలేసి అతను లొరేన్‌తో కాపురం పెట్టిన ఇల్లు వాగుకి ఇవతలే ఉంది. ఆ నంబరుకి ఆమె ఏనాడూ ఫోన్ చేసింది లేదు. పళ్లు బిగబట్టి నొక్కింది.

లొరేన్ ఎత్తింది.

"గ్లెనిస్‌ని. రస్సెల్‌కి ఇవ్వు."

"రస్సెల్‌కా? ఎందుకండీ?"

"మా సెప్టిక్ ట్యాంకు ఎగదన్నింది. ఇంట్లో బాలింత ఉంది, పసిగుడ్డు ఉంది. మూత ఎక్కడుందో ఆ మనిషికే తెలుసు. వచ్చి చూపించి పొమ్మను. నేనేం పట్టుకుని కట్టేసుకోనులే."

బయట వాన హోరెత్తుతోంది.

"నేనొస్తున్నా," అని పెట్టేసింది లొరేన్.

"నాన్న వస్తున్నాడా?" అంది టెగన్.

"కాదు, ఆవిడగారు. మొగుణ్ణి ఈ గడప తొక్కనివ్వడానికి గుండె చాల్లేదు."

పికప్ బండి పెరటి గేటు దగ్గర ఆగింది. లొరేన్ రెయిన్‌కోటు వేసుకుని, పార, గడ్డపలుగు, ఒకదానికొకటి బిగించే పొడవాటి కర్రల కట్ట దించింది.

"ఎక్కడుందో కనుక్కొచ్చావా?" అంది గ్లెనిస్.

"లేదండీ. వెతుకుదాం. స్నానాలగది గొట్టం ఏ గోడలోంచి బయటికొస్తుంది?"

"చక్కగా ఆ మనిషినే పంపితే ఈ వెతుకులాట ఉండేదా?" అంటూ గ్లెనిస్ గోడ చూపించింది.

లొరేన్ గోడ వారనుంచి మొదలుపెట్టి గడ్డపలుగుతో నేలను పొడుచుకుంటూ నడిచింది. గ్లెనిస్ టార్చిలైటు పట్టుకుని వెనకాలే వెళ్లింది. బురదలో బూట్లు దిగబడుతున్నాయి. బట్టలారేసే తీగ దాటాక పలుగు ఠంగుమంది.

ఇద్దరూ తవ్వారు. సిమెంటు మూతను పలుగుతో లేపి పక్కకి దొర్లించారు. గ్లెనిస్ లైటు పట్టుకుని లోపలికి తొంగి చూడబోయింది.

"తల పెట్టకు." లొరేన్ ఆమె భుజం పట్టి వెనక్కి లాగింది. "ఆ గాలి పీలిస్తే అందులోనే పడిపోతావు. దూరంనుంచి లైటు వెయ్యి, చాలు."

గ్లెనిస్ దూరం జరిగింది.

లొరేన్ కర్రలు బిగించి, పక్కకి నిలబడి గొట్టం మూతిలోకి పొడిచింది. లాగింది, మళ్లీ పొడిచింది. ఉన్నట్టుండి పసిపిల్లలను తుడిచి పారేసే తడి గుడ్డల ఉండ ఒకటి ఊడి పడింది. దాని వెనకే గొట్టంలోని నీళ్లన్నీ దబ్బున దూకి, ఆమె రెయిన్‌కోటు మీద చింది గడ్డందాకా కొట్టాయి.

గ్లెనిస్ నవ్వు ఆపుకోవాలనే చూసింది, వల్ల కాలేదు. లొరేన్ ఒక్క క్షణం కదలకుండా నిలబడి, తర్వాత తనూ నవ్వేసింది.

"మూడేళ్లనుంచి నీ మొహాన కొట్టాలనుకుంటున్నది ఇదే," అంది గ్లెనిస్.

"కొట్టావుగా. ఇక తృప్తిగా నిద్రపో."

ఇంట్లో నీళ్లు గుడగుడమని దిగిపోయాయి. వాననీటి తొట్టి కుళాయి కింద సబ్బుతో చేతులూ మొహమూ కడుక్కుని, వెళ్తుందనుకుంటే లొరేన్ మోకాళ్ల మీద కూర్చుని బ్లీచింగ్ నీళ్లతో స్నానాలగది తోమడం మొదలుపెట్టింది. గ్లెనిస్ వద్దంది. ఆవిడ వినలేదు. చివరికి ఇద్దరూ చెరో మూలనుంచీ తోముకొచ్చారు.

టెగన్ టీ పెట్టింది. లొరేన్ వరండాలోనే నిలబడి తాగింది. కిటికీలోంచి ఉయ్యాల వైపు చూసి, "ఎవరి పోలిక?" అని మాత్రం అడిగింది.

"వాళ్ల తాత పోలికే. ఆయనగారికి తీరిక దొరికితే కదా చూడ్డానికి," అంది గ్లెనిస్. అనేశాక మనసు చివుక్కుమంది. ఆవిడ చేసినదానికి ఇవ్వాళ ఈ మాట కూడనిది.

లొరేన్ ఖాళీ కప్పు గట్టుమీద పెట్టి పార తీసుకుంది.

"లొరేన్," అంది గ్లెనిస్. "నువ్వు రాకపోతే ఈ రాత్రి గడిచేది కాదు. రస్సెల్‌తో చెప్పు, ఓసారి వచ్చి మనవణ్ణి చూసిపొమ్మని. నేనేమీ అనను. కావాలంటే నువ్వూ రా."

లొరేన్ మెట్లు దిగబోయి ఆగింది. వెనక్కి తిరిగి ఆమె మొహంలోకి సూటిగా చూసింది.

"అతను ఇల్లు వదిలిపోయి నెల దాటింది గ్లెనిస్. ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉన్నాడనుకుని నిన్ను తిట్టుకోని పూట లేదు; నువ్వు ఫోన్ చేసి నన్ను అడిగేసరికి సిగ్గేసి, పార తీసుకుని వచ్చేశాను."