కంటి మీద బొట్టు

దసరా మర్నాడు వకుళ ముఖాన్ని ఆమె ల్యాప్‌టాప్ గుర్తుపట్టలేదు. ముఖం చూస్తే తప్ప అది తెరుచుకోదు. విప్పి చూద్దామంటే దానికి మరమేకు ఒక్కటీ లేదు. పావుగంటలో ఆమె ఇంట్లోంచే విశాఖ రేవులో క్రేన్ నడపాలి.

"నా కెమెరా కన్ను పోయింది. వారంటీ ఉంది, కంపెనీకి పంపండి. నెల పడుతుంది," అంది ల్యాప్‌టాప్.

"ఈ షిఫ్టు తప్పితే నా క్రేన్ ఇంకొకరికిచ్చేస్తారు అత్తయ్యా!" అంది వకుళ.

అత్త సింహాచలమ్మ వంగి చూసింది. "ఓలమ్మ! నిన్న ఆయుధపూజకి నానెట్టిన బొట్టు దీని కంటిమీదే ఉందే!" అంటూ తడి కొంగుతో తుడిచింది.

"శుభోదయం, వకుళా!" అంటూ ల్యాప్‌టాప్ తెరుచుకుంది.

వకుళ అత్తను వాటేసుకుంది.

"మరమ్మతు నమోదు చేయాలి. చేసినవారి అర్హత?" అడిగింది ల్యాప్‌టాప్.

వకుళ నవ్వుకుంటూ టైప్ చేసింది: "పాడుచేసిందీ ఆవిడే."